గ్రీన్ మౌంటెన్ అడవి: అపోహలు - వాస్తవాలు

అడవుల పునరుద్ధరణ పనిలో ఉన్నందుకు నన్ను తరచూ గ్రీన్ మౌంటెన్ గురించి అడుగుతుంటారు. దక్షిణ అట్లాంటిక్‌లో, ఆఫ్రికా తీరానికి దాదాపు 1,600 కిలోమీటర్ల దూరాన ఉన్న అసెన్షన్ దీవిలో అన్నిటికన్నా ఎత్తైన కొండ అది. ఎత్తు 859 మీటర్లు.

అపోహ: అది మనిషి చెయ్యిపడని ప్రాచీన అడవి.

వాస్తవం: దాని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. 1836లో డార్విన్ వచ్చినప్పుడు దీవిలో చెట్లు లేనట్టే లెక్క. 1843లో చూసి వెళ్లిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ సలహా మీద, 1850 నుంచి లండన్‌లోని వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ సాయంతో ఓడల్లో మొక్కలు దింపారు. వెదురు, అరటి, జామ, యూకలిప్టస్, అల్లం జాతులు, అన్నీ బయటివే.

అపోహ: చెట్లు నాటాకే అక్కడ నీళ్లు పుట్టాయి.

వాస్తవం: మన వాట్సాప్ గ్రూపులకు బాగా నచ్చే మాట ఇది. కానీ 1701లో ఓడ మునిగిపోయిన ఇంగ్లిష్ నావికుడు డాంపియర్, అతని మనుషులు ఈ కొండ మీది ఊటనీళ్లు తాగే బతికారు. అప్పటికి హుకర్ పుట్టనే లేదు! ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు కొండకు తగిలి పైకి లేస్తాయి, చల్లబడి మబ్బు కడతాయి. ఆ తేమను ఆకులు, నాచు పట్టుకుని చుక్కలుగా నేలకు దించుతాయి. చెట్ల వల్ల ఆ మేలు ఉంది, కాదనను. మబ్బు కట్టడానికి మాత్రం కారణం కొండ ఎత్తే. ఆ మబ్బు తేమ అందని కింది నేల చాలావరకు ఇప్పటికీ ఎండు లావానే. బంజరులో మొక్కలు నాటితే వానలు అవే వస్తాయనడానికి ఈ కొండను సాక్ష్యం తేవద్దు.

అక్కడి పల్లపు నేలలో బాగా పాకిన చెట్టు ఏదో తెలుసా? మన సర్కారు తుమ్మ. గాడిదలు కాయలు తిని గింజలు చల్లుతూ పోతున్నాయి.

అపోహ: చెట్లు నాటక ముందు అది బోడికొండే కదా, పోయిందేముంది?

వాస్తవం: బోడికొండ కాదు. ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని ఫెర్న్ (పూలు పూయని జాతి) మొక్కలు ఉండేవి. కొన్ని శాశ్వతంగా పోయాయి. కొత్తిమీర ఆకులా ఉండే అనోగ్రామా అసెన్షనిస్ అనే ఫెర్న్ కూడా అంతరించిందనే అనుకున్నారు. 2010లో మళ్లీ కనబడితే, క్యూ గార్డెన్స్‌లో పెంచి బతికించుకున్నారు.

అలాగని బయటి చెట్లన్నీ కొట్టేద్దామంటే అదీ కుదరదు. స్థానిక ఫెర్న్‌లలో ఒకటి ఇప్పుడు ఆ చెట్ల కొమ్మల మీది నాచులోనే పెరుగుతోంది.