కుక్క గిన్నెలో పెరుగన్నం

గుంటూరు బ్రాడీపేటలో మా కింది వాటాలో ఉండే పిన్నిగారికి తెల్లటి పొమేరియన్ కుక్క ఉంది. పేరు బుజ్జి. వయసు ఆరేళ్లు, బరువు 10 కిలోలు. పొద్దున పెరుగన్నం, రాత్రి పెరుగన్నం. పిన్నిగారు అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి, వేడిగా ఉందేమోనని వేలితో చూసి మరీ గిన్నె పెడతారు. ఆ ప్రేమకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "దీని బొచ్చు ఎందుకమ్మా ఇలా చేతికి ఊడి వస్తోంది?" అని అడిగారు.

బొచ్చు ఊడటానికి గజ్జి, థైరాయిడ్ లోపం లాంటి కారణాలు చాలా ఉంటాయి. పశువైద్యుడు పరీక్షించి అవేవీ లేవన్న తరువాత ఇద్దరం కూర్చుని గిన్నె లెక్క తీశాం. బుజ్జి అంత కుక్కకు రోజుకు దాదాపు 600 కేలరీలు కావాలి. 400 గ్రాముల అన్నం, 100 గ్రాముల పెరుగు కలిస్తే ఇంచుమించు అంత శక్తి అందుతుంది. కడుపూ నిండుతుంది. మాంసకృత్తులు చూస్తే అన్నంలో 11 గ్రాములు, పెరుగులో 3, మొత్తం 14. ఎదుగుదల పూర్తయిన కుక్కల ఆహారంలో ప్రతి 1000 కేలరీలకు కనీసం 45 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని అమెరికాలో పాటించే ప్రమాణం చెబుతోంది. ఆ లెక్కన బుజ్జికి 27 గ్రాములు అవసరం. అందుతున్నది అందులో సగం! వెంట్రుక దాదాపు మొత్తం మాంసకృత్తులతోనే తయారవుతుంది కాబట్టి కొరత తరచుగా బొచ్చులోనే బయటపడుతుంది. చర్మానికి అవసరమైన లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కూడా పెరుగన్నంలో చాలా తక్కువ.

ఈ సంగతి విన్నవాళ్లు కొందరు వెంటనే రెండో అంచుకు వెళ్లిపోతారు. కుక్క తోడేలు సంతతి కాబట్టి అన్నం విషమనీ, పచ్చి మాంసమే పెట్టాలనీ వాదిస్తారు. ఇది నిజం కాదు. స్వీడన్‌లోని ఉప్సాల విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో కుక్కల, తోడేళ్ల జన్యువులను పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును క్లోమంలో తయారు చేయించే జన్యువు తోడేలులో 2 ప్రతులు ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. మనిషి పంట పండించి వండుకున్న చోటే వేల ఏళ్లు బతికిన జంతువు మన తిండికి తగ్గట్టు లోపలి నుంచే మారింది. మెత్తగా ఉడికిన అన్నం కుక్కకు చక్కగా అరుగుతుంది. తప్పు అన్నానిది కాదు, అన్నం పక్కన ఏమీ లేకపోవడానిది.

ఒట్టి మాంసం పెడితే ఇంకో చిక్కు వస్తుంది. మాంసంలో భాస్వరం కాల్షియం కన్నా 15, 20 రెట్లు ఎక్కువ. కుక్క ఆహారంలో మాత్రం కాల్షియం భాస్వరంతో కనీసం సమానంగా ఉండాలి. లేకపోతే శరీరం రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టుకోవడానికి ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఎదిగే కుక్కపిల్లల్లో కాళ్లు వంకర పోవడానికి, కాస్త దూకితేనే ఎముక విరగడానికి ఇదొక కారణం. అలాగని లాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల పిల్లలకు సొంతంగా కాల్షియం మందు పోయడం కూడా ప్రమాదమే. వచ్చిన కాల్షియంలో అక్కర్లేనిదాన్ని వదిలేసే శక్తి వాటి పేగులకు ఇంకా ఉండదు.

బుజ్జికి మేము కుదుర్చుకున్నది ఇది. అన్నం 250 గ్రాములు, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం 100 గ్రాములు, కొంచెం సొరకాయ లేదా క్యారెట్, ఒక చెంచా నూనె, చివర 50 గ్రాముల పెరుగు. మాంసకృత్తులు 35 గ్రాములు దాటాయి. కాల్షియం కోసం గుడ్డు పెంకుల మెత్తటి పొడి అర చెంచాకు కాస్త తక్కువ. ఇంత చేసినా జింకు, అయొడిన్, డి విటమిన్ లాంటివి మిగిలిపోతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోని పశువైద్యులు 2013లో ఇళ్లలో వండి పెట్టే 200 వంటకాలను పరిశీలిస్తే, 95 శాతం వాటిలో ఏదో ఒక పోషకం తక్కువగా ఉంది. అందుకే డాక్టరు రాసిన ఖనిజాల మిశ్రమం కూడా గిన్నెలో పడుతోంది. కొత్త తిండికి మార్చడానికి పది రోజులు తీసుకున్నాం. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

మాంసం ముట్టని ఇళ్లలోనూ కుక్కను ఆరోగ్యంగా పెంచవచ్చు. పిల్లికి అది కుదరదు గాని, కుక్కకు కుదురుతుంది. పనీరు, సోయా, తాలింపు వేయని ముద్దపప్పు వాడుకోవచ్చు. కాకపోతే లెక్క ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. పొట్లంలో దొరికే ఆహారం మీద అది సంపూర్ణ సమతులాహారమనీ, ఏ వయసు కుక్కకనీ రాసి ఉంటే దానితోనే నిశ్చింతగా పెంచవచ్చు. కృష్ణా తీరపు వానాకాలపు చెమ్మలో మాత్రం మూత తీసిన సంచిని నెలల తరబడి ఉంచకండి. బూజులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా భయంగా ఉండే విషయం. విజయవాడ పటమటలో మా అన్నయ్య ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు మిగిలిన గోంగూర మటన్ గ్రేవీని అన్నంలో కలిపి రెండు రోజులు లాబ్రడార్‌కు పెట్టారు. అది ఇష్టంగా గిన్నె నాకింది. నాలుగో రోజు పొద్దున లేవలేకపోయింది. మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. డాక్టరు దాని పైపెదవి ఎత్తి చూపించారు. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్లు కాగితంలా పాలిపోయి ఉన్నాయి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఉల్లిపాయలు తిన్నదా?"

ఉల్లిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌ను పాడుచేసి ముద్దలు కట్టిస్తాయి. అలా పాడైన కణాలు పగిలిపోతాయి, కొన్నిటిని శరీరమే నాశనం చేసుకుంటుంది. శరీర బరువులో 0.5 శాతం ఉల్లి చాలు. అంటే 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, చిన్న ఉల్లిపాయ అంత. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. వెల్లుల్లి ఇంకా తీవ్రమైనది. లక్షణాలు కొన్ని రోజుల తరువాత బయటపడతాయి కాబట్టి కారణం ఎవరికీ తట్టదు. మా అన్నయ్య కుక్క బతికింది. రక్తం ఎక్కించాల్సి వచ్చింది.

చింతపండు సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయని చాలా కాలంగా తెలుసు. దానికి టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికా పశువైద్యులు 2021లో ప్రతిపాదించారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే రకంగా మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు 2022లో ప్రచురించారు. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిదే. పులిహోర, పులుసు, చారు అన్నం కుక్కకు పెట్టకండి. చాక్లెట్టు, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ము, ఉడికించిన కోడి ఎముకలు కూడా దాని నోటికి అందకూడదు.

ఎంత పెట్టాలన్నదీ ఏమి పెట్టాలన్నంత పెద్ద ప్రశ్నే. 48 లాబ్రడార్లను జతలుగా చేసి, జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుర్దాయం, అంటే వాటిలో సగం చేరుకున్న వయసు, 13 ఏళ్లు, రెండో గుంపుది 11.2 ఏళ్లు. మీ కుక్క ఎలా ఉందో చెయ్యి చెబుతుంది. మీ చేతిని ఒకదాన్ని చాపి, మరో చేతి వేళ్లతో ఆ చేతి వెనుకభాగం తడమండి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. అరచేతి కండను తడిమినట్టుంటే కొవ్వెక్కింది. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే చిక్కిపోయింది.

పిన్నిగారు ఇప్పుడు ప్రతి ఆదివారం బుజ్జిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పక్కటెముకలు తడిమి చూస్తారు. నాలుగు నెలలకు మెడ దగ్గర బొచ్చు ఒత్తుగా వచ్చింది. మా డాబా మీద పక్కింటివాళ్ల ఎండుమిరపకాయల చాపకు ఇవతల, మరిగించి కడిగిన గుడ్డు పెంకులు ఒక పళ్లెంలో ఆరుతున్నాయి.