రెండు వేళ్ల వెడల్పు పట్టీ

టెక్కలి

చిరంజీవులు పెద్దపాపకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా ట్రంకుపెట్టెలో తెల్లటి ప్లాస్టిక్ పట్టీ చుట్ట దొరికితే, "తాతా, ఇది టేపా, రిబ్బనా?" అని అడిగారు. బస్సుకు టైమైపోతోందని మీ అమ్మ తొందరపెట్టింది, నేను సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

అది గ్లైడర్ రెక్కకు అంటించే సీలు. గ్లైడర్‌కు ఇంజిను ఉండదు. ఇంకో విమానంతోనో, వించి యంత్రం తాడుతోనో పైకి లాగి వదిలేస్తారు. అక్కణ్ణుంచి ఎండకు వేడెక్కి పైకి లేచే గాలే దానికి ఆధారం. తేలినీలాపురంలో పెలికాన్లు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటే మెడలు నొప్పిపుట్టేదాకా చూశాం కదా, ఇదీ అంతే.

గాలి కదలని రోజున శ్రీకాకుళం మీద కిలోమీటరు ఎత్తులో గ్లైడర్‌ను వదిలారనుకోండి. కొత్తవాళ్లు నేర్చుకునే ఏఎస్‌కే-21 రకమైతే నేలకు దిగేలోగా సుమారు 34 కిలోమీటర్లు పోతుంది. అంటే కోటబొమ్మాళి దరిదాపుల్లో దిగిపోవాలి. పోటీలకు వాడే 18 మీటర్ల రెక్కల గ్లైడర్ 50 కిలోమీటర్ల దాకా లాగుతుంది, మన టెక్కలి అందుకుంటుంది. ఇంజిను లేని బండికి ప్రతి మీటరు ఎత్తూ డబ్బులాంటిది. అది ఎక్కడ కారిపోతోందో వెతికి ఆపడమే నేను చాలా ఏళ్లు చేసిన పని.

అది కారే దారుల్లో సందులు ఒకటి. రెక్క వెనక అంచున ఐలరాన్ అనే పలక ఉంటుంది. పైకీ కిందికీ ఆడుతూ గ్లైడర్‌ను పక్కకు వంచేది అదే. ఆడాలంటే రెక్కకూ దానికీ మధ్య సందు ఉండక తప్పదు. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. పొలంలో ఎగువ మడికీ దిగువ మడికీ మధ్య గట్టుకు ఎలుక కన్నం పడితే ఏమవుతుంది? రాత్రికి రాత్రే నీళ్లు దిగువకు పోతాయి. ఇక్కడా కింది గాలి సందులోంచి పైకి చిమ్ముతుంది. పైన నున్నగా పారే గాలిని చెదరగొడుతుంది. రెక్క ఎత్తే బలం తగ్గుతుంది, వెనక్కి లాగే బలం పెరుగుతుంది, ఐలరాన్ చురుకూ మందగిస్తుంది.

గట్టుకైతే మట్టి మెత్తేస్తాం. ఇక్కడ ఆడే భాగం కాబట్టి మెత్తడం కుదరదు. అందుకే మైలార్ పట్టీ. నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్ జాతిదే, పల్చటి రేకులా ఉంటుంది. వేలితో నిమిరి చూడండి, అడ్డంగా కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ముందు అంచును రెండువైపులా జిగురున్న టేపుతో రెక్కకు అంటిస్తాం. వెనక అంచును అంటించం. ఆ వంపు వల్ల అది స్ప్రింగులా ఐలరాన్‌ను ఒత్తుకుని, దాని మీద జారుతూ ఉంటుంది. రాసుకునే చోట టెఫ్లాన్ టేపు వేస్తాం, మీ అమ్మ దోసెల పెనం మీద ఉండే పూతలాంటిది.

ఎండ, దుమ్ము, తడి కలిసి కొన్నాళ్లకు జిగురును చెడగొడతాయి. ముందు అంచు ఒకచోట లేస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన వీధిలో రేకుల షెడ్లు ఎలా పోయాయో మీ నాన్ననడగండి. అంచు వదులుగా ఉన్న రేకు కిందే గాలి ముందు దూరింది. పట్టీ సంగతీ అంతే. అంచు కింద గాలి దూరితే బుడగలా ఉబ్బి, రెక్క మీద చిన్న గోడ లేచినట్టవుతుంది. నన్నడిగితే సగం లేచిన సీలు కన్నా అసలు సీలు లేకపోవడమే నయం. అందుకే రోజూ ఎగిరే ముందు ఆ అంచు పొడవునా గోరు వెనకవైపుతో నిమురుకుంటూ పోవాలి. కంటికి కనపడని లేపు గోటికి తగులుతుంది.

లేచిన చోట చుక్క జిగురు వేసి నొక్కేద్దామని అందరికీ అనిపిస్తుంది. అలా చేయకూడదు. లోపల దుమ్ము చేరిపోయి ఉంటుంది, పట్టదు. పట్టీ మొత్తం తీసి కొత్తది వేయాలి. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేస్తూ, పట్టీని వెనక్కి మడిచి నిదానంగా లాగాలి. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టి తీయాలి. మొండికేస్తే పాత ఏటీఎం కార్డుతో గీకాలి. బ్లేడు పెడితే రెక్క పైపూత మీద గీత పడుతుంది. చివర్లో స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వాలి. కొత్త పట్టీ అంటించడానికి గంట పడితే, పాత జిగురు వదిలించడానికి పూటంతా పడుతుంది. ఆ పూట దగ్గర కక్కుర్తి పడినవాళ్ల పట్టీలు మళ్లీ లేచిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అంటించేటప్పుడు ముందుగా మాస్కింగ్ టేపుతో తిన్నటి గీత వేసుకోవాలి. పట్టీ మూలలను గుండ్రంగా కత్తిరించాలి, మొనదేలిన మూల త్వరగా లేస్తుంది. టేపు మీది కాగితాన్ని ఒకేసారి పీకేయకుండా జానెడు జానెడు లాగుతూ నొక్కుకుంటూ పోవాలి.

ఆ గీత ఎందుకంత ముఖ్యమో నాకు పనిలో చేరిన కొత్తలోనే తెలిసింది. ఒకసారి పట్టీని రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు అంటించాను. చూడటానికి చక్కగా ఉంది. మా పెద్దాయన ఒకరిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, ఐలరాన్‌ను ఆడించే స్టిక్‌ను చివరిదాకా తోసి మళ్లీ వెనక్కి తెమ్మన్నారు. ఐలరాన్ పూర్తిగా కిందికి దిగగానే పట్టీ అంచు దాని మీంచి జారి సందులో పడింది. తిరిగి పైకి వస్తుంటే టక్‌మని తట్టుకుని ఆగిపోయింది. ఆకాశంలో అలా ఆగి ఉంటే? నా చేతులు చల్లబడిపోయాయి. ఆయన కేకలేయలేదు. "మొత్తం పీకి మళ్లీ వెయ్యి బాబూ" అన్నారు, అంతే. ఆ టక్ ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కాబట్టి అంటించాక రెండు వైపులా చివరిదాకా ఆడించి చూడాలి. ఎక్కడైనా బిగుసుకుంటోందా అని చేతికి తెలియాలి. ఐలరాన్ మీద పొరల మీద పొరలు టేపు వేయకూడదు. దాన్ని బరువు తూచి సరిచేసి ఉంచుతారు, కీలుకు వెనకవైపు బరువు పెరిగితే వేగంలో అది గడగడా వణికే ప్రమాదం ఉంది. ఇదంతా ఆ గ్లైడర్ మాన్యువల్‌లో రాసినట్టే చేయాలి. తర్వాత లైసెన్సు ఉన్న ఇంకొకరు చూసి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. నేను అంటించింది నేనే పరీక్షించి బాగుందనుకోవడం చాలదు.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు చిన్నోడు చేసిన థర్మాకోల్ గ్లైడర్ తీసుకురండి. దాని ఐలరాన్ సందు నా చిటికెన వేలు పట్టేంత ఉంది. ట్రంకులోని మైలార్ దానికి మందం ఎక్కువ, కాబట్టి పల్చటి సెల్లో టేపు కొని ఉంచాను. ముందు సీలు లేకుండా పది సార్లు, తర్వాత సీలుతో పది సార్లు మేడ మీంచి వదులుదాం. పెద్దపాప కొలత టేపుతో దూరం కొలిచి నోటుబుక్కులో రాయాలి. పొద్దున్నే ఆరు గంటలకు, గాలి లేవకముందే మొదలుపెడదాం.

మీ తాతయ్య