గోడ మీద బూజు, గోడలో నీళ్లు

సెలవుల తర్వాత తరగతి గది తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన గుప్పున కొడుతుంది. కిటికీలు తెరుస్తాం, ఫ్యాన్ వేస్తాం, కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది. కానీ దాన్ని అలా వదిలేయకూడదు. బూజు పెరిగేటప్పుడు గాలిలోకి వదిలే ఆవిర్ల వాసన అది. కంటికి మచ్చ కనబడకపోయినా అల్మరా వెనకో, ఫాల్స్ సీలింగ్ పైనో, కార్పెట్ కిందో బూజు పెరుగుతూ ఉండొచ్చు.

ఇక్కడ బూజు అంటే మూలల్లో వేలాడే సాలెగూడు కాదు, తడిసిన తోలు చెప్పుల మీద పట్టే శిలీంద్రం. దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే కణాలు, చాలావరకు 2 నుంచి 10 మైక్రాన్ల లోపే ఉంటాయి (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). బయటి గాలిలో ఎప్పుడూ తేలుతూ ఉంటాయి కాబట్టి వాటిని బడిలోకి రాకుండా ఆపలేం. తిండికీ లోటు లేదు: కాగితం, చెక్క, గుడ్డ, చివరికి దుమ్ము కూడా చాలు. మనకు హాయిగా ఉండే వేడే దానికీ సరిపోతుంది. ఇక మన చేతిలో మిగిలింది నీళ్లు ఒక్కటే.

ఆ నీళ్లు పైకప్పు కారితేనో, పైపు పగిలితేనో మాత్రమే రావు. గదిలో 25 డిగ్రీల వేడి, గాలిలో 60 శాతం తేమ ఉన్నాయనుకోండి. పుస్తకాల బీరువాని బయటి గోడకు ఆనించి పెట్టారు. బయట చలిగా ఉండి ఆ గోడ 20 డిగ్రీలకు చల్లబడితే, చల్లగాలి పట్టి ఉంచగల ఆవిరి తక్కువ కాబట్టి, అదే గాలి గోడను తాకే చోట తేమ 80 శాతం దాటుతుంది. బూజు మొలవడానికి అది చాలు. గది మధ్యలో అంతా పొడిగానే ఉంటుంది, బీరువా వెనక మాత్రం నల్లటి చుక్కలు మొదలవుతాయి. బీరువాని జానెడు ముందుకు జరిపితే గాలి ఆడి, గోడ పొడిగా ఉంటుంది. పైసా ఖర్చు లేని పని.

నీళ్లు కారిన చోట మాత్రం గడియారం చూసుకుని పని చేయాలి. తడిసినవి 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే చాలావరకు బూజు పట్టదు. శుక్రవారం సాయంత్రం కారిన నీళ్లను సోమవారం పొద్దున చూస్తే ఆ గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

బూజు పట్టాక చాలా చోట్ల చేసేది మచ్చల మీద రంగు వేయడం. దయచేసి ఆ పని చేయకండి. లోపల చెమ్మ అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు రంగు పెచ్చులుగా ఊడి బూజు మళ్లీ బయటపడుతుంది. బ్లీచింగ్‌తో చంపేశాం కదా అన్న ధీమా కూడా వద్దు, చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది. ముందు లీకేజీ ఆపాలి. తర్వాత గట్టి ఉపరితలాలను డిటర్జెంట్ నీళ్లతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టాలి. బూజు లోపలికి పాకిన కార్పెట్, సీలింగ్ పలకల్లాంటివి తీసి పారేయాల్సిందే.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకాల్లో 10 చదరపు అడుగుల లోపు బూజును చిన్న పనిగా లెక్కేస్తారు. అంటే సుమారు సగం తలుపంత. చిన్నదైనా ఎన్-95 మాస్కు, గ్లౌజులు, కళ్లను కప్పే గాగుల్స్ ఉండాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పొడి చీపురుతో ఊడిస్తే సిద్ధబీజాలు గదంతా లేస్తాయి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, చెమ్మ పట్టిన భవనాల్లో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఆస్తమా ఉన్న పిల్లలకు ఆ గదిలో గడిపే ప్రతి గంటా కష్టమే. గాలి పరీక్షలు చేయించి రిపోర్టు కోసం కూర్చోవడం కన్నా, ఆ డబ్బుతో కారుతున్న చోటు వెతికి బాగు చేయించడం మేలు.

ఆ చోటు అందరికన్నా ముందు తెలిసేది రోజూ గదులు తుడిచే మనిషికే. ఆమె చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి: ఏ గదిలో తడి కనబడింది, ఏ రోజున, ఎప్పటికి ఆరింది. మూడో గడి ఖాళీగా ఉన్న గదికి ప్లంబర్‌ను ఆ రోజే పంపండి.