లైసెన్సు దగ్గరే ఆగిపోకండి: ఇంటి కాంట్రాక్టరు విషయంలో అపోహలు - వాస్తవాలు

హాలు గోడ మీద చెమ్మ మరక చూడమని పిలిస్తే ఒక ఇంటికి వెళ్లాను. అప్పటికే ఆ గోడకు మూడుసార్లు రంగు వేయించారు. వేయించిన కొన్ని నెలలకే మరక మళ్లీ అదే చోట, అదే ఆకారంలో తేలేది. గోడకు అవతల బాత్రూము ఉంది. అక్కడ మూలన రెండు టైల్స్ తీయించి చూశాను. నేల మీద వాటర్‌ప్రూఫింగ్ పూత చక్కగానే ఉంది. కానీ గోడ మొదట్లోనే ఆగిపోయింది. గోడ మీదికి జానెడు ఎత్తున మలచాల్సిన పూతను నేల వరకే సరిపెట్టారు. ఆ మూలన వేలు పెడితే తడి ఇసుక పొడిపొడిగా రాలింది. టైల్స్ వేయకముందు ఎవరైనా పది నిమిషాలు నిలబడి చూసి ఉంటే ఆ కుటుంబానికి రెండేళ్ల అవస్థ తప్పేది.

ఇళ్లు కట్టడం, పాత ఇళ్లను మార్చి కట్టడం 20 ఏళ్లకు పైగా నా వృత్తి. ఇంటి పనిలో మంచిచెడ్డలన్నీ టైల్స్ కింద, ప్లాస్టరింగ్ వెనుక, కాంక్రీటు లోపల దాగి ఉంటాయి. ఇంటివారు మాత్రం ఎక్కువగా రంగులు, తలుపులు, కుళాయిల గురించే అడుగుతారు. కాంట్రాక్టరును ఎంచుకునే ముందు వారి నోట నేను తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: లైసెన్సు ఉంది కాబట్టి పని బాగుంటుంది

లైసెన్సు కనీస అర్హతను మాత్రమే చెబుతుంది. అది ఇచ్చే పద్ధతి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్నిచోట్ల పరీక్ష, అనుభవం, బీమా, పూచీకత్తు అన్నీ అడుగుతారు. కొన్నిచోట్ల రుసుము కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. మీ ప్రాంతంలో ఆ కాగితానికి ఎంత విలువ ఉందో ముందు తెలుసుకోండి. తర్వాత నంబరు తీసుకుని, దాన్ని జారీ చేసిన కార్యాలయంలో మీరే సరిచూసుకోండి. గడువు ఉందా, ఏ రకం పనికి ఇచ్చారు, ఫిర్యాదులు ఏమైనా నమోదయ్యాయా అన్నవి అక్కడే తెలుస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా పేరు చూడండి. లైసెన్సు ఒకరి పేరున, అగ్రిమెంటు మరొకరి పేరున ఉండి, డబ్బు ఇంకొకరి ఖాతాలో వేయమంటే అక్కడే ఆగండి. రేపు గొడవ వస్తే ఆ లైసెన్సు మీకు అక్కరకు రాదు.

అలాగని లైసెన్సు వల్ల లాభం లేదనుకోవద్దు. పని చెడినప్పుడు ఫిర్యాదు చేయడానికి మీకు ఒక చోటు ఉంటుంది. ఆ సంగతి కాంట్రాక్టరుకు కూడా గుర్తుంటుంది.

అపోహ: అనుమతులు, తనిఖీలు వట్టి కాలయాపన

తనిఖీ వ్యవస్థ సక్రమంగా ఉన్నచోట అధికారి వచ్చేది పని మూసేయకముందే. పునాదిలో కాంక్రీటు పోయకముందు, గోడల్లో వైర్లు, పైపులు కప్పకముందు చూస్తారు. మీ తరఫున ఇంకో జత కళ్లు దొరికినట్టే. అనుమతి లేకుండా చేసిన పని ఇల్లు అమ్మేటప్పుడో, బీమా సొమ్ము అడిగేటప్పుడో బయటపడుతుంది. తాను చేసే పనికి అనుమతి మిమ్మల్నే మీ పేరున తీసుకోమని కాంట్రాక్టరు అన్నాడంటే కారణం అడగండి. చాలాచోట్ల అనుమతి ఎవరి పేరున ఉంటే బాధ్యత వారిదే అవుతుంది.

అపోహ: కూలీలకు దెబ్బ తగిలితే కాంట్రాక్టరే చూసుకుంటాడు

బీమా ఉంటే చూసుకుంటాడు. లేకపోతే ఆ భారం మీ మీదికి రావచ్చు. బీమా రెండు రకాలుగా ఉండాలి: పనివారి గాయాలకు ఒకటి, మీ ఇంటికీ పొరుగువారికీ జరిగే నష్టానికి ఇంకొకటి. కాంట్రాక్టరు చూపించే జిరాక్సుతో సరిపెట్టుకోకుండా బీమా సంస్థ నుంచే ధ్రువపత్రం తెప్పించుకోండి.

అపోహ: మూడు కొటేషన్లు తీసుకుని తక్కువ వేసినవారికి ఇస్తే చాలు

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మూడు కొటేషన్లు తీసుకోవడం మంచిదే. కానీ మూడూ ఒకే పనికి ఇచ్చినవై ఉండాలి. ఒకరు పాత గోడలు కొట్టిన శిథిలాలు తరలించడం కలిపి రాస్తారు, ఇంకొకరు రాయరు. ఒకరు వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు అంటారు, ఇంకొకరి కాగితంలో ఆ మాటే కనబడదు. పరంజా, కరెంటు బోర్డు మార్పు, రంగుకు ముందు పట్టించే లప్పం ఇలాగే జారిపోతాయి. చివరి అంకెను మాత్రం చూసి ఎంచుకుంటే, జారిపోయినవన్నీ పని మధ్యలో అదనపు బిల్లులై తిరిగొస్తాయి. సగం కట్టిన ఇంట్లో నిలబడి బేరమాడే శక్తి మీకు ఉండదు.

ఇంకొక చిక్కు ఉంది. టైల్స్, కుళాయిలు, లైట్లు మీరింకా ఎంచుకోలేదు కాబట్టి వాటికి ఇంత అని ఒక అంచనా మొత్తం వేస్తారు. కొటేషన్ తక్కువగా కనబడాలంటే ఆ మొత్తాన్ని తగ్గించి రాస్తే సరిపోతుంది. తీరా దుకాణానికి వెళ్లాక ఆ ధరకు మీకు నచ్చేది ఒక్కటీ దొరకదు. అందుకే కొటేషన్లు అడిగే ముందే మీ పని వివరాలు మీరే ఒక కాగితం మీద రాసి, అందరికీ అదే ఇవ్వండి. సిమెంటు రకం, స్టీలు రకం, పైపుల కంపెనీ, ఎన్ని స్విచ్ పాయింట్లు, ఎన్ని పూతల రంగు అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం రాయడానికి ఒక వారం పట్టినా పట్టనివ్వండి.

అందరికన్నా బాగా తక్కువ వేసినవారిని నేను వెంటనే పక్కన పెట్టమనను. కూర్చోబెట్టి ఒక్కో వరుసా చదివించండి. ఏదో మరిచిపోయి తక్కువ వేశాడా, కావాలని వదిలేశాడా అన్నది అరగంటలో తేలిపోతుంది.

పాత ఇంటి మార్పులకైతే ఎంత మంచి కొటేషన్ అయినా 10 నుంచి 20 శాతం డబ్బు అదనంగా అట్టేపెట్టుకోండి. గోడ పగలగొట్టేవరకు లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

అపోహ: తెలిసినవాడే కదా, కాగితాలెందుకు

తెలిసినవాడు కాబట్టే రాసుకోవాలి. రాయకపోతే పనితోపాటు స్నేహమూ చెడుతుంది. అగ్రిమెంటు కన్నా ఎక్కువగా మరిచిపోయేది మధ్యలో వచ్చే మార్పులు. ‘ఈ కిటికీ కొంచెం జరపండి’ అని మీరు నోటితో అంటారు. మేస్త్రి సరే అంటాడు. జరపడానికి లింటెల్ (కిటికీ పైన ఉండే కాంక్రీటు దూలం) కొట్టాలి, గ్రిల్ మళ్లీ చేయించాలి, పని నాలుగు రోజులు ఆగుతుంది. నెల తర్వాత బిల్లు చూసి ఇద్దరికీ కోపం వస్తుంది. మార్పు చిన్నదైనా సరే, ఖర్చు ఎంత, గడువు ఎన్ని రోజులు పెరుగుతుంది అన్నది రాసి, ఇద్దరూ సంతకాలు చేశాకే సుత్తి ఎత్తనివ్వండి.

అపోహ: త్వరగా ముగించేవాడే సమర్థుడు

కాంక్రీటు మన తొందర వినదు. దాని బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు. మొదటి 7 రోజులైనా తడి ఆరకుండా చూడకపోతే ఎంత మంచి సిమెంటు వాడినా పైపొర బలహీనమై పగుళ్లిస్తుంది. స్లాబు కింద సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేవరకు దాన్ని మోసే పలకలు, ఊతలు) తొందరగా ఊడదీయడం కంటికి కనిపించే తప్పు. కనిపించని తప్పు ఇంకొకటి: కలిపిన కాంక్రీటు సులువుగా జారాలని ఎవరో ఒకరు బకెట్‌తో నీళ్లు కుమ్మరిస్తారు. నీరు, సిమెంటు నిష్పత్తి 0.5 అనుకుంటే 50 కిలోల బస్తాకు 25 లీటర్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. అంతకు మించి పోసిన నీరు ఆవిరై పోతూ సన్నని రంధ్రాలు మిగిల్చి వెళుతుంది. స్లాబు పోసే రోజున మీరు అక్కడ ఉంటే చూడాల్సింది ఆ బకెట్‌నే. రాడ్ల కింద కవర్ బ్లాకులు (రాడ్లను పలకకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు) పెట్టారో లేదో కూడా వంగి చూడండి. రాడ్లు సెంట్రింగ్ పలకను తాకుతుంటే కొన్నేళ్లకు తుప్పు పట్టి, పెచ్చులూడతాయి.

బాత్రూము అయితే టైల్స్‌కు ముందు నేలలో నీళ్లు కట్టి, ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి కనీసం 24 గంటలు వదిలేయాలి. గోడలోని పైపులకు ప్లాస్టరింగ్ కన్నా ముందే ప్రెషర్ పరీక్ష (ఒత్తిడి పెట్టి లీకులు చూడటం) చేయాలి. ఈ రెండింటికీ అగ్రిమెంటులో రోజులు కేటాయించమని అడిగితే మంచి కాంట్రాక్టరు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

అపోహ: అడ్డుగా ఉన్న గోడను మేస్త్రితో తీయించేయవచ్చు

కొన్ని గోడలను తీయవచ్చు. కానీ అది పై బరువు మోస్తున్న గోడా, వట్టి అడ్డుగోడా అన్నది మందాన్ని చూసి, తట్టి చూసి చెప్పేవారిని నమ్మకండి. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి, సంతకం చేసిన కాగితం ఇవ్వాలి. ఇందులో నాకు రాజీ లేదు. కాగితం లేనిదే నా మనుషులతో ఏ గోడా ముట్టుకోనివ్వను. ఒక గదికి రంగు, ఒక కుళాయి మార్పు వంటి వాటికి మాత్రం అన్ని పనులూ కలిపి చేయించే జనరల్ కాంట్రాక్టరు అవసరమే లేదు, నేరుగా ఆ పనివారినే పిలుచుకోండి.

అపోహ: ఎక్కువ అడ్వాన్సు ఇస్తే పని చురుగ్గా సాగుతుంది

డబ్బు పని వెనుక నడవాలి. పునాది అయ్యాక ఇంత, స్లాబు అయ్యాక ఇంత అని దశలవారీగా రాసుకోండి. చివరి 5 నుంచి 10 శాతం లోపాలన్నీ సరిచేశాకే ఇవ్వండి. ఆ మొత్తం అంటూ మిగలకపోతే, సరిగా మూసుకోని తలుపు కోసం ఎవరూ తిరిగి రారు. మీరిచ్చిన డబ్బు ప్లంబరుకు, స్టీలు దుకాణానికి చేరుతోందా అన్నదీ కనుక్కోండి. కొన్ని దేశాల చట్టాల ప్రకారం బాకీ తీరనివారు మీ ఇంటి మీదే హక్కు కోరవచ్చు. ప్రతి దశలోనూ వారి నుంచి ముట్టినట్టు రసీదులు తీసుకోండి.

చివరి చెల్లింపుకు ముందు ఇంకొకటి అడిగి తీసుకోండి: గోడలు మూసేయకముందు తీసిన ఫొటోలు, ప్రతి ఫొటోలోనూ గోడకు ఆనించిన కొలత టేపుతో సహా. నాలుగేళ్ల కిందట నేను ఇల్లు అప్పగించిన ఒక ఇంటాయన ఈ మధ్య ఫోను చేశారు. వంటగదిలో అర బిగించుకోవాలట, డ్రిల్లు చేతిలో పట్టుకుని అడుగుతున్నారు. ఫొటో తెరిచి చూడమన్నాను. తలుపు చట్రానికి 30 సెంటీమీటర్ల ఎడంగా నీళ్ల పైపు కనబడింది. అరను పైపుకు దూరంగా జరుపుకున్నారు.