“చూసుకోకుండా దాటాడండీ!”: నడక, సైకిల్ భద్రతపై అపోహలు - వాస్తవాలు

వీధుల డిజైన్, భద్రతా తనిఖీ నా వృత్తి. ప్రమాదం జరిగిన చోటికి వెళ్లినప్పుడు మొదట వినిపించేది పై మాటే. తప్పు నడిచేవాడి మీద పడ్డాక ఆ రోడ్డు గురించి ఇక ఎవరూ అడగరు. ప్రపంచవ్యాప్తంగా ఏటా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే సుమారు 11.9 లక్షల మందిలో 23 శాతం పాదచారులు, 6 శాతం సైకిలిస్టులు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక చెబుతోంది. ఇంతమందీ చూసుకోనివాళ్లేనా?

అపోహ: ఊళ్లో గంటకు 50 కిలోమీటర్లు పెద్ద స్పీడేం కాదు.

లెక్క వేద్దాం. ఎదురుగా పిల్లవాడు కనబడ్డాక డ్రైవర్ కాలు బ్రేక్ మీద పడటానికి ఒక సెకను పడుతుందనుకోండి. 30 స్పీడులో ఆ సెకనుకి కారు 8 మీటర్లు పోతుంది. పొడి రోడ్డయితే బ్రేక్ వేశాక మరో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. 50 స్పీడులో ఆ ఒక్క సెకనుకే దాదాపు 14 మీటర్లు పోతుంది. మొదటి కారు ఆగిపోయిన చోటును రెండో కారు ఇంకా బ్రేకు కూడా పడకుండానే దాటేస్తుంది. పైగా 30తో పోలిస్తే 50లో ఢీకొట్టే శక్తి దాదాపు మూడు రెట్లు. స్పెయిన్ 2021లో, ఒక్కో దిశకు ఒకే లేన్ ఉన్న పట్టణ వీధులన్నిటికీ 30 పరిమితి పెట్టింది.

అపోహ: స్పీడ్ లిమిట్ బోర్డు పెడితే సరిపోతుంది.

డ్రైవర్ కాలు బోర్డు మాట వినదు, రోడ్డు వెడల్పు మాట వింటుంది. విశాలమైన, తిన్నని లేన్ ఇచ్చి నెమ్మదిగా వెళ్లమనడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. లేన్ 3 మీటర్లకు తగ్గించండి. మలుపు దగ్గర ఫుట్‌పాత్ మూలను ముందుకు జరపండి. బండి తిరగాలంటే తగ్గక తప్పదు, దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. జీబ్రా గీతల్ని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపితే అదే స్పీడ్ బ్రేకర్‌గానూ పనిచేస్తుంది. ఇవన్నీ పోలీసు లేని అర్ధరాత్రి కూడా పనిచేస్తాయి.

అపోహ: ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడితే పాదచారి సమస్య తీరినట్టే.

తీరేది వాహనాల సమస్య. మామూలు వీధిలో పది అడుగులు వేసి దాటాల్సిన మనిషిని రెండంతస్తులు ఎక్కించి దింపుతున్నాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లు ఏం చేయాలి? ఎక్స్‌ప్రెస్‌వే అయితే వంతెన తప్పదు, ఒప్పుకుంటాను. మిగతాచోట్ల రోడ్డు మధ్యలో నిలబడటానికి చిన్న గట్టు కట్టినా చాలా నయం. ఒకసారికి ఒక వైపు వచ్చే బండ్లను చూసుకుంటే చాలు.

అపోహ: రంగు గీత గీస్తే సైకిల్ ట్రాక్ అయిపోయింది.

గీత బండిని ఆపదు. పార్కింగ్‌కి మాత్రం బాగా పనికొస్తుంది! వేగంగా వాహనాలు పోయే రోడ్డు మీద అడ్డుగట్టు ఉండాల్సిందే. అదీ కూడళ్ల దగ్గర తెగిపోకూడదు, ఎందుకంటే అసలు గండం అక్కడే.

అపోహ: సైకిల్ తొక్కేవాళ్లే లేరు, ట్రాక్ ఎందుకు?

భయంతో రోడ్డెక్కనివాళ్లు మన లెక్కలోకి రారు. స్పెయిన్‌లోని సెవిల్లె 2006 తర్వాత కొన్నేళ్లలోనే అడ్డుగట్లున్న ట్రాక్‌లను ఊరంతా ఒకదానితో ఒకటి కలిసేలా వేసింది. అంతకుముందు పెద్దగా కనబడని సైకిళ్లు ఎన్నో రెట్లు పెరిగాయి.

అపోహ: హెల్మెట్ ఉంటే చాలు.

పెట్టుకోండి, తలకు మంచిదే. కానీ లారీ మీదకు రాకుండా అది ఆపలేదు.

అపోహ: ఎన్ని చేసినా కొన్ని చావులు తప్పవు.

2019లో నార్వే రాజధాని ఓస్లో నగరంలో ఒక్క పాదచారి గానీ, సైకిలిస్టు గానీ రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. స్పీడు తగ్గించారు, నగరం నడిబొడ్డున వీధి పార్కింగ్ తీసేసి నడకకీ సైకిళ్లకీ చోటిచ్చారు.

అపోహ: వయసు మళ్లినవాళ్లయినా సిగ్నల్ మారేలోపే దాటేయాలి.

చాలాచోట్ల సిగ్నల్ టైమును సెకనుకి 1.2 మీటర్ల నడకతో లెక్కిస్తారు. 14 మీటర్ల రోడ్డుకి సుమారు 12 సెకన్లు. సెకనుకి 0.8 మీటర్లు నడిచే పెద్దాయనకు పదిహేడున్నర కావాలి. ఆ తేడాను ఆయన నడకతో పూడ్చమనకుండా సిగ్నల్ బాక్సులో మార్చేయొచ్చు. దానికి సిమెంటు కూడా అక్కర్లేదు.