టీసీ తీసుకుపోయారా, బట్టల మూటేనా? పల్లెలు ఖాళీ కావడం మీద అపోహలు - వాస్తవాలు

పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, మక్తల్, కోస్గి, నారాయణపేట వైపు పల్లెల్లో వలస కుటుంబాలతో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. మధ్యలో నాలుగేళ్లు నల్గొండ వైపు దేవరకొండ తండాల్లో ఉన్నాను. ఊళ్లో జనం తగ్గిపోతున్నారు, ఏం చేయాలి అని సర్పంచులు అడుగుతారు, హైదరాబాద్‌లో స్థిరపడి సొంతూరికి ఏదైనా చేద్దామనుకునే పిల్లలు కూడా ఫోన్ చేసి అడుగుతారు. మాట్లాడితే అందరి దగ్గరా దాదాపు అవే ఐదారు నమ్మకాలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని నేనూ నమ్మాను, నమ్మి డబ్బు, కాలం వృథా చేశాను కూడా.

అపోహ: వలస ఎక్కువున్న చోటే ముందు ఊళ్లు ఖాళీ అవుతాయి.

వాస్తవం: వలస అనగానే అందరికీ పాలమూరే గుర్తొస్తుంది. కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, బొంబాయి బస్సు, తాళాలేసిన ఇళ్లు. కానీ 2011 జనాభా లెక్కలు తీసి చూడండి. అంతకుముందు పదేళ్లలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 15.34 శాతం పెరిగింది, నాగార్జునసాగర్ ఎడమ కాల్వ పారే ఉమ్మడి నల్గొండలో మాత్రం 7.41 శాతమే. ఇప్పటి తెలంగాణ ప్రాంతం సగటు 13.58. పాలమూరులో అప్పట్లో కాన్పులు ఎక్కువ, అదొక కారణమే. అయితే రెండు చోట్లా పనిచేసిన నాకు కనిపించిన తేడా ఇంకొకటి ఉంది. పాలమూరు కూలీ పోతాడు, వస్తాడు. దసరాకో, పీర్ల పండుగకో, కురుమూర్తి జాతరకో, ఓట్లకో ఇల్లు తెరుచుకుంటుంది. నల్గొండ వైపు కొంచెం నెమ్మదిగా పోతారు, పోతే కుటుంబమంతా పోతుంది. హైదరాబాద్‌లో ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు ఒక గది అద్దెకు తీసుకుని పిల్లల్ని అక్కడి బడిలో వేస్తారు. ఆ ఇంటి తాళం పండక్కి తీసినా రెండు రోజులకే మళ్లీ పడుతుంది.

ఒక సంగతి చెప్తాను. ఏడెనిమిదేళ్ల కింద, కోస్గి బస్టాండ్‌లో రాత్రి పొద్దుపోయాక ఒక అక్క కూర్చుని ఉంది. ముందు బియ్యం సంచి, ఒక రేకు పెట్టె, స్టవ్వు, పక్కన ఏడో తరగతి చదివే బిడ్డ. ఆ ఊరివాళ్లు ఏటా పోయేవాళ్లే కదా, మళ్లీ ఎప్పుడొస్తరక్కా అని మామూలుగానే అడిగాను. ఆమె మాట్లాడకుండా కొంగు ముడిలోంచి పాలిథిన్ కవరు తీసి చూపించింది. లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం, బిడ్డ టీసీ, అంటే బడి మారేటప్పుడు ఇచ్చే బదిలీ పత్రం. "పోయినేడు నాయనమ్మ దగ్గర ఇడిసిపెట్టి పోయినం సారూ, పోరి బడికే పోలే. ఈసారి ఆడ్నే ఏస్తం" అంది. అప్పటిదాకా నేను తాళాలు లెక్కపెట్టేవాణ్ని. ఆ రాత్రి తర్వాత ప్రతి జూన్‌లో బడికి పోయి ఎన్ని టీసీలు పోయాయో, ఎన్ని వచ్చాయో హెడ్మాస్టర్ని అడిగి రాసుకుంటున్నాను. బట్టల మూటతో పోయినవాళ్లు తిరిగొస్తారు, టీసీతో పోయినవాళ్లలో వెనక్కి వచ్చిన ఇళ్లు నా నోట్‌బుక్కులో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

అపోహ: ఎక్కువమంది పిల్లల్ని కంటే ఊరు నిండుతుంది.

వాస్తవం: రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి 1.8 మంది పిల్లలు అని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, జనాభా నిలబడాలంటే 2.1 ఉండాలి. నిజమే, తగ్గింది. కానీ ఇంటికి ఐదుగురు పుట్టిన రోజుల్లోనూ పాలమూరు పల్లెల్లో తాళాలున్నాయి కదా. ఉన్న ఇద్దరినీ ఊళ్లో చదివించుకోలేని తల్లికి మూడో బిడ్డను కనమని చెప్పడం నాకు నోరు రాదు.

అపోహ: నీళ్లొస్తే అందరూ తిరిగొస్తారు.

వాస్తవం: నేను గట్టిగా నమ్మింది ఇదే. సాగర్ కాల్వలకు నీళ్లు వదిలింది 1967లో, పైన చెప్పిన 7.41 శాతం ఆ నీళ్లున్న జిల్లాదే. ఇటు భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతలతో నీళ్లొచ్చిన ఊళ్లలో కొందరు తిరిగొచ్చారు, అది నా కళ్లతో చూశాను, వచ్చినవాళ్లలో ఎక్కువమందికి రెండు మూడెకరాలైనా సొంత పొలం ఉంది. భూమి లేనివాళ్ల కథ వేరు. నీళ్లు రాగానే అందరూ వరి వేశారు, కోతకు హార్వెస్టర్ వచ్చింది, కలుపుకు మందు కొడుతున్నారు, నాటుకు బిహార్ నుంచి గుంపులు వస్తున్నాయి. ఏడాదిలో కూలీకి దొరికే పని దినాలు గట్టిగా చెప్పాలంటే కొన్ని వారాలే. కాల్వ కింద పచ్చగా కనిపించే ఊళ్లోనే ఎస్సీ కాలనీలో వరసగా తాళాలుండటం చూసినప్పుడు మొదట నాకు అర్థం కాలేదు. కూరగాయలు, పాడి ఉన్న చోట మాత్రం తేడా కనిపిస్తుంది, పాల బిల్లు పదిహేను రోజులకోసారి చేతికొస్తుంది కాబట్టి. పత్తి పైసలు ఏడాదికోసారి వస్తాయి, వచ్చిన రోజే షావుకారు అప్పుకు పోతాయి.

అపోహ: ఎకరానికి ఇంత అని రైతు ఖాతాలో వేస్తే ఊరు వదలడు.

వాస్తవం: 2018లో రైతుబంధు ఎకరానికి పంటకు 4 వేలతో మొదలైంది. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకే వచ్చింది. పట్టాదారు హైదరాబాద్‌లో ఉన్నా వచ్చింది, ఊళ్లో ఉండి కౌలుకు దున్నేవాడికి రాలేదు. సాయం వద్దని నేను అనను, చాలా ఇళ్లలో విత్తనాల ఖర్చుకు ఆదుకుంది. కానీ ఊళ్లో ఉండటానికీ దానికీ సంబంధం లేదు. ఊరు నిలబెడుతున్న కౌలు రైతుకు కాగితం మీద గుర్తింపు లేకపోతే బ్యాంకు అప్పు కూడా రాదు, రెండు పంటలు పోతే అతనే ముందు బస్సెక్కుతాడు.

అపోహ: కుర్రాళ్లకు వ్యవసాయమంటే సిగ్గు.

వాస్తవం: పెళ్లి సంబంధాల దగ్గర కూర్చుని వినండి. నాలుగెకరాలు, బోరు, ట్రాక్టరు ఉన్న అబ్బాయిని కాదని, ఉప్పల్‌లో నెలకు పద్దెనిమిది వేల జీతగాడికి పిల్లనిస్తున్నారు. ఆ అమ్మాయిని, ఆమె తల్లినీ తప్పుపట్టకండి. తెల్లారి నాలుగింటికి లేచి పేడ తీసి, నాట్లకు పోయి, మోకాళ్ల నొప్పులతో నలభైకే ముసలిదైన తల్లి ఆ బతుకు బిడ్డకు వద్దనుకుంటుంది. ముప్పై దాటి పెళ్లికాని అబ్బాయిలు మా ఊళ్లలో ప్రతి వాడకీ ఉన్నారు. వాళ్లలో చాలామందికి సేద్యం ఇష్టమే, సంబంధం కుదరడం కోసం పొలం కౌలుకిచ్చి నగరానికి పోయి క్యాబ్ నడుపుతున్నారు. ఆడవాళ్లకు ఊళ్లో బతుకు ఎలా ఉందన్నదే అసలు ప్రశ్న, మన సమావేశాల్లో మాత్రం మైకు ఎప్పుడూ మగవాళ్ల చేతిలోనే ఉంటుంది.

అపోహ: శిక్షణ ఇస్తే చాలు, వాళ్లే సంపాదించుకుంటారు.

వాస్తవం: మేమే ఒక ఊళ్లో ఇరవై కుట్టు మిషన్లు తెచ్చి కేంద్రం తెరిచాం. ఆర్నెల్లు నేర్పించాం, ఫొటోలు దిగాం. బట్ట ఎవరిస్తారు, కుట్టింది ఎవరు కొంటారు అని ముందు అడగలేదు. ఏడాదికల్లా మిషన్ల మీద గోనె సంచులు కప్పి ఉన్నాయి, నేర్చుకున్నవాళ్లలో తొమ్మిదిమంది మళ్లీ పుణె పోయారు. తప్పు మాదే. ఇప్పుడు కొనేవాళ్లు ఖాయమయ్యాకే శిక్షణ గురించి మాట్లాడుతున్నాం.

ఫ్యాక్టరీల మాట కూడా వస్తుంటుంది. జడ్చర్ల, కొత్తూరు, చౌటుప్పల్ చుట్టూ పనులున్నాయి, గంటలో పోయిరాగలిగే ఊళ్లకు అవి పనికొస్తున్నాయి, దూరం ఊళ్లవాళ్లు అక్కడికే మారిపోతున్నారు. అంతకన్నా చెప్పడానికేం లేదు.

మరి ఏం పనిచేస్తుంది అంటే, నేను చూసినంతలో మొదటిది బడి, రెండోది బస్సు. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టారు, మంచిదే, కానీ ఐదు తరగతులకూ ఒకే టీచరుంటే ఏ మీడియమైనా తల్లికి నమ్మకం కుదరదు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు, దాంతో ఇంటర్ చదివే పిల్లలకు, పట్నంలో పనిచేసే అక్కలకు నిజంగా మేలు జరిగింది. అయితే బస్సు ఊళ్లోకి రావాలి. మూడు కిలోమీటర్ల అవతల క్రాస్‌రోడ్డు మీద ఆగితే, సాయంత్రం ఆరున్నరకు ఆడపిల్లను ఒంటరిగా నడిపించి తెచ్చుకోవడానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు, పదో తరగతితోనే ఆపేస్తారు లేదా ఇల్లు ఖాళీ చేస్తారు. ఊరికి ఏదైనా చేద్దామనుకునేవాళ్లు కమాను కట్టించే ముందు డిపో మేనేజర్‌కు ఒక అర్జీ పెట్టి, సాయంత్రం ట్రిప్పు కోసం వెంటపడండి. మక్తల్ వైపు ఒక ఊళ్లో బడి కమిటీ తల్లులు రెండేళ్లు తిరిగి రెండో టీచర్‌ని, సాయంత్రం బస్సును సాధించారు. అదే జూన్‌లో ఆ బడి నుంచి ఒక్క టీసీ కూడా పోలేదు, బయటి నుంచి మూడు వచ్చాయి. ఒకటి షోలాపూర్ నుంచి, మరాఠీలో రాసి ఉంది, చదివి పెట్టమని హెడ్మాస్టర్ గారు ఆ పిల్లవాడినే పిలిచారు.