రేడియోగ్రఫీ కాంట్రాక్టరు దగ్గర భద్రతా తనిఖీ: అపోహలు - వాస్తవాలు

తనిఖీకి వస్తున్నారని కబురందగానే ఫైళ్ల దుమ్ము దులుపుతారు. గామా కిరణాలిచ్చే రేడియోధార్మిక ముక్కను (సోర్స్) కవచం నుంచి బయటకు తోసి వెనక్కి లాగే క్రాంక్ కేబుల్‌కు పట్టిన ఇసుక మాత్రం అలాగే ఉంటుంది. వెల్డింగ్ జాయింట్లను గామా కిరణాలతో పరీక్షించే సంస్థల్లో వినిపించే అపోహలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి. ఇన్‌స్పెక్టర్ కాగితాలు చూడరని కాదు. కాగితం మీది అంకె సైట్‌లోని వస్తువుతో సరిపోతోందా అన్నదే ఆయన చూసేది.

అపోహ: రిజిస్టర్లన్నీ నింపి ఉంటే తనిఖీ గట్టెక్కినట్టే.

వాస్తవం: ఏ రిజిస్టరునూ విడిగా చదవరు. సోర్స్ స్టోర్ నుంచి వెళ్లి వచ్చిన లెక్క, షాట్ (ఒక్కో ఎక్స్‌పోజర్) రిపోర్టు, డోస్ (ఒంటికి తగిలిన రేడియేషన్) రికార్డు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇరిడియం-192 అర్ధాయువు దాదాపు 74 రోజులు. ఇవాళ 2 టెరాబెకెరెల్ (సోర్స్ రేడియోధార్మికతకు కొలమానం; సుమారు 54 క్యూరీలు) ఉన్న సోర్స్ 74 రోజులకు సగమవుతుంది, 148 రోజులకు పావు వంతే మిగులుతుంది. పైపు మందం, ఫిల్మ్, దూరం ఏవీ మారకపోతే 3 నిమిషాల ఎక్స్‌పోజర్ మొదట 6 నిమిషాలకు, తర్వాత 12 నిమిషాలకు పెరగాలి. అయిదు నెలల పాటు అదే సోర్స్‌కు ప్రతి షాట్ ఎదురుగా '3 నిమిషాలు' అని రాసి ఉంటే ఆ పుస్తకం గదిలో కూర్చుని రాసిందేనని ఇట్టే తెలిసిపోతుంది. ఇక మిగతా రికార్డులనూ ఎవరూ నమ్మరు.

డోస్ రికార్డులో సున్నా వస్తే సంబరపడేవాళ్లున్నారు. నెలంతా రోజూ షాట్లు తీసిన ఆపరేటర్ ఒంటి మీద పెట్టుకునే టి.ఎల్.డి. (డోస్ కొలిచే) బ్యాడ్జ్ నెల నెలా సున్నా చూపిస్తుంటే, అది బహుశా డ్రాయర్‌లోనే పడి ఉందని అర్థం. దీనికి తిరగబడిన తప్పు కూడా తరచూ కనిపిస్తుంది: పని అయ్యాక బ్యాడ్జ్‌ను కెమెరా (సోర్స్‌ను దాచే కవచపు పెట్టె) ఉన్న స్టోర్‌లోనే వేలాడదీస్తారు, ఆ మనిషికి తగలని డోస్ అతని ఖాతాలో పడుతుంది. ఇంకో మాట, బ్యాడ్జ్ కూత పెట్టదు. జరిగిపోయినదాన్ని తర్వాత చెబుతుందంతే. అందుకే కూత పెట్టే అలారం డోసిమీటర్, అక్కడికక్కడ రేడియేషన్ చూపించే సర్వే మీటర్ వేరుగా అడుగుతారు.

అపోహ: కెమెరా లాక్ పడింది, దాని మీది సూచిక రంగు మారింది, కాబట్టి సోర్స్ లోపలికి వచ్చినట్టే.

ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ ఈ వృత్తిలో లేదు. సూచిక చెప్పేది మెకానిజం సంగతి. రేడియేషన్ సంగతి చెప్పగలిగేది మీటరొక్కటే. ప్రతి షాట్ తర్వాతా మీటర్ చేతపట్టుకుని, రీడింగ్ చూసుకుంటూ కెమెరా దగ్గరికి వెళ్లాలి. కెమెరా చుట్టూ కొలిచి, గైడ్ ట్యూబ్ (సోర్స్ బయటకు వెళ్లి వచ్చే గొట్టం) పొడవునా చివరి దాకా కొలవాలి. సోర్స్ లోపల ఉన్నప్పుడు ఆ కెమెరా పక్కన వచ్చే రీడింగ్ ఆపరేటర్‌కు నోటికి రావాలి. ఎక్కువైతే అందరూ ఉలిక్కిపడతారు గానీ, మామూలు కంటే తక్కువ రావడం కూడా హెచ్చరికే. లోపల ఉండాల్సింది లోపల లేదేమో! ఖాళీ కెమెరా కూడా పూర్తిగా సున్నా చూపించదు. కవచంలోని డిప్లీటెడ్ యురేనియం (స్వల్పంగా రేడియోధార్మికమైన బరువైన లోహం) తన వంతు కాస్త ఇస్తూనే ఉంటుంది.

2002లో బొలీవియాలోని కొచబాంబాలో జరిగింది ఇదే. సోర్స్ కెమెరాలోకి తిరిగి రాకుండా గైడ్ ట్యూబ్‌లోనే ఉండిపోతే, ఆ సామాన్లను ప్రయాణికుల బస్సులో సరుకుగా వేసి పంపేశారు. 1999లో పెరూలోని యనాంగోలో కింద పడి ఉన్న ఇరిడియం సోర్స్‌ను ఒక వెల్డర్ జేబులో వేసుకున్నాడు. అతని కాలు తీసేయాల్సి వచ్చింది.

మీటర్ విషయంలో ఇన్‌స్పెక్టర్ చూసే చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ చెక్ చేస్తారా? కాలిబ్రేషన్ గడువు దాటిందా? మీటర్‌ను ఆన్ చేసేది దూరంగా ఉన్నప్పుడా, కెమెరా పక్కకు వెళ్లాకా? గైగర్ ట్యూబ్ ఉన్న కొన్ని మీటర్లు తీవ్రత మరీ ఎక్కువైన చోట ఉక్కిరిబిక్కిరై సున్నాకు పడిపోతాయి. దూరం నుంచే రీడింగ్ పెరగడం చూస్తూ వచ్చినవాడికి ఆ మోసం తెలుస్తుంది. దగ్గరికెళ్లి ఆన్ చేసినవాడికి తెలియదు.

అపోహ: చుట్టూ తాడు కట్టి బోర్డు పెడితే కార్డన్ (ఎవరూ లోపలికి రాకుండా పెట్టే హద్దు) అయినట్టే.

వాస్తవం: తాడు ఎక్కడ కట్టాలో సోర్స్ చెబుతుంది, ఖాళీ స్థలం చెప్పదు. 1.5 టెరాబెకెరెల్ ఇరిడియం కవచం లేకుండా బయట ఉంటే 1 మీటరు దూరంలో గంటకు దాదాపు 200 మిల్లీసీవర్టుల (డోస్‌కు కొలమానం) రేడియేషన్ ఉంటుంది. హద్దు దగ్గర గంటకు 10 మైక్రోసీవర్టులు మించకూడదనుకుందాం (ఈ అంకె ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది). అప్పుడు తాడు 140 మీటర్ల అవతల ఉండాలి. కొలిమేటర్ (కిరణాన్ని ఒక్క దిక్కుకే వదిలే కవచం) తీవ్రతను వందో వంతుకు దించితే అదే తాడు 14 మీటర్లకు వచ్చేస్తుంది. కానీ కిరణం వదిలే దిక్కులో ఈ లెక్క పనిచేయదు, అటువైపు హద్దు ఇంకా దూరం జరగాలి. చాలామంది చుట్టూ ఒకే వృత్తం గీసి ఊరుకునేది ఇక్కడే. లెక్క వేశాక మొదటి షాట్ సమయంలో హద్దు వెంట మీటరుతో కొలిచి, ఆ రీడింగ్ రాసిపెట్టాలి. ఇన్‌స్పెక్టర్ రాత్రిపూట చెప్పకుండా వస్తే కెమెరా దగ్గరికి నేరుగా రాకపోవచ్చు. సొంత మీటరుతో తాడు బయటే కాసేపు నిలబడి, తనను ఎవరైనా ఆపుతారేమో చూస్తారు. పై అంతస్తు, మెట్లు, పైప్ ర్యాక్ కూడా కార్డన్‌లో భాగమని మరిచిపోయినవాళ్లు ఆ పదినిమిషాల్లోనే దొరికిపోతారు.

అపోహ: కెమెరాకు తయారీదారు సర్వీసింగ్ చేయించాం, రోజూ చూడటమెందుకు?

సోర్స్ ఊడిపోయేది ఎక్కువగా ఒక్క కీలు దగ్గర. డ్రైవ్ కేబుల్ (క్రాంక్ కేబులే) చివరి బంతి, సోర్స్ పిగ్‌టెయిల్ (సోర్స్‌కున్న చిన్న కేబుల్ తోక) కొక్కెంలో కూర్చునే చోటది. అది కొద్దికొద్దిగా అరుగుతుంది, కంటికి ఆనదు. నో-గో గేజ్ పెట్టి చూడాలి. దూరకూడని చోట గేజ్ దూరిందంటే ఆ కేబుల్ పక్కన పడేయాల్సిందే. బంతికి వెనక కేబుల్‌ను కాస్త వంచి వదిలితే తిరిగి నిటారుగా రావాలి. తుప్పు పట్టి గరగరలాడినా, ఒక్క పోగు తెగినా ఆ రోజు పని ఆపాలి. గైడ్ ట్యూబ్ మీద పైపు పడి సొట్ట పడితే సోర్స్ తోసినప్పుడు వెళ్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఇరుక్కుంటుంది. అందుకే టేపు చుట్టిన గైడ్ ట్యూబ్ కనబడితే ఇన్‌స్పెక్టర్ ఆ టేపు విప్పమంటారు.

అపోహ: ఇరిడియం గట్టి లోహం, అది కారేదేముంది? వైప్ టెస్ట్ (తుడిచి చూసి రేడియోధార్మిక పదార్థం అంటిందేమో పరీక్షించడం) ఓ లాంఛనం.

వైప్ టెస్ట్ ఇరిడియం ఉన్న క్యాప్సూల్ కోసమే కాదు. కెమెరా లోపలి వంకర గొట్టం గుండా పిగ్‌టెయిల్ వేలసార్లు రాసుకుంటూ పోతుంది. ఆ గొట్టం అరిగి యురేనియం బయటపడితే అది తెలిసేది ఈ పరీక్షతోనే.

అపోహ: కెమెరాను రవాణా చేసేటప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ (1 మీటరు దగ్గర గంటకు వచ్చే మిల్లీసీవర్టులను 100తో హెచ్చవేసిన అంకె) 1 లోపు ఉంటే ఎల్లో-2 లేబుల్ చాలు.

ఉపరితలం కూడా చూడాలి. 1 మీటరు దగ్గర గంటకు 0.006 మిల్లీసీవర్టులు వస్తే ఇండెక్స్ 0.6. కానీ ఉపరితలం మీద గంటకు 0.6 మిల్లీసీవర్టులు ఉంటే ఎల్లో-2 పరిమితి 0.5 దాటేసినట్టే, ఎల్లో-3 అంటించాలి. ఖాళీ కెమెరాకు రవాణా గుర్తులేవీ అక్కర్లేదనుకోవడం ఇంకో పొరపాటు. లోపలి డిప్లీటెడ్ యురేనియం వల్ల దానికీ రవాణాలో వేరే యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకును గుర్తించే అంకె), 2909 ఉంది.

ఎక్స్-రే యంత్రంతోనే పనిచేసేవాళ్లు స్విచ్ తీస్తే రేడియేషన్ ఉండదంటారు. నిజమే. అందుకే అక్కడ తనిఖీ అంతా స్విచ్ వేసి ఉన్నప్పటి గురించే: తలుపు ఇంటర్‌లాక్, హెచ్చరిక దీపం, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది.

అపోహ: ఎమర్జెన్సీ ప్లాన్ గోడకు అంటించాం, సేఫ్టీ ఆఫీసర్‌కు అంతా తెలుసు.

ప్రశ్న అడిగేది సేఫ్టీ ఆఫీసర్‌ను కాదు, పక్కన నిలబడ్డ హెల్పర్‌ను. "క్రాంక్ వెనక్కి తిరగడం లేదు. ఏం చేస్తారు?" గట్టిగా లాగుతానన్నా, పటకారుతో తీస్తానన్నా ఆ సంస్థకు శిక్షణ లేదనే రాసుకుంటారు. 1.5 టెరాబెకెరెల్ సోర్స్ నుంచి సెంటీమీటరు దూరంలో నిమిషానికి 30 సీవర్టులకు పైగా ఉంటుంది, చేయి పాడవడానికి ఆ నిమిషం కూడా అక్కర్లేదు. రావాల్సిన జవాబు ఇది: వెనక్కి జరిగి, మీటరు చూస్తూ తాడును ఇంకా దూరం జరిపి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా కాపలా నిలబడి ఫోన్ చేస్తాను. సీసపు గుళ్ల సంచులు, పొడవాటి పటకారు, కవచం ఉన్న పాత్ర బండిలోనే ఉన్నాయి. కానీ ఎవరెవరు ఎన్ని సెకన్లు లోపల ఉండాలో సేఫ్టీ ఆఫీసర్ లెక్క వేసి, సోర్స్ లేకుండా ఒకసారి రిహార్సల్ చేయించాకే వాటిని ముట్టుకుంటాం.